‘ఓ’ తీసేసిన పాపం

డెస్క్‌లో చేరిన కొత్త. జర్నలిజం డిప్లొమా సర్టిఫికెట్ మీద సిరా తడి కూడా ఆరలేదు. ఎవరి కాపీ చేతికొచ్చినా అందులో అనవసరమైన మాటలన్నీ ఏరిపారేయాలన్న ఉబలాటం. ‘ఒక’, ‘ఓ’, ‘కూడా’, ‘అయితే’... ఇవి కనిపిస్తే చాలు, కొట్టేసేదాన్ని. క్లాసులో మాకు చెప్పింది అదే మరి!

అలాంటి రోజుల్లో ఓ మార్చి 12 రాత్రి, ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికకు నాలుగు లైన్ల కాపీ నా ముందుకొచ్చింది. 1940 మార్చి 13న లండన్‌లోని కాక్స్‌టన్ హాల్‌లో ఉద్ధమ్‌సింగ్ ఓ డయ్యర్‌ను కాల్చి చంపాడని అందులో ఉంది. చదవగానే చిరాకేసింది. ‘ఓ డయ్యర్’ ఏమిటి, ‘ఓ దొంగ’, ‘ఓ బాటసారి’ అన్నట్టు! జలియన్‌వాలాబాగ్‌లో అంతమందిని పొట్టన పెట్టుకున్నవాడు ఎవరో ఊరూపేరూ లేని డయ్యరా? ‘ఓ’ కొట్టేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. దాని స్థానంలో ‘జనరల్’ అని చేర్చి, పేజీ పంపించి, హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నాను.

మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి ఫోను. తణుకు నుంచి ఓ పెద్దాయన. పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు.

‘‘ఉద్ధమ్‌సింగ్ జనరల్ డయ్యర్‌ని చంపాడని రాసిందెవరమ్మా?’’

‘‘నేనేనండీ. చెప్పండి.’’

‘‘జనరల్ డయ్యర్ 1927లోనే పోయాడు తల్లీ. ఇంగ్లండ్‌లో, జబ్బు చేసి. పోయినవాణ్ణి పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ చంపించారు మీరు. పోనీ అదలా ఉంచు. నిజంగా తుపాకీ గుండుకు పడిపోయినవాడు ఇంకొకడు. మైఖేల్ ఓ డ్వయర్. వాడి పేరే లేకుండా చేశారు. మీరు తీసేసింది ‘ఒక’ అనే అర్థమొచ్చే ఓ కాదమ్మా, అది వాళ్ళ ఇంటిపేరులో ముక్క.’’

చెవులు వేడెక్కిపోయాయి. ‘తప్పయిపోయింది మాస్టారూ’ అని పెట్టేశాను. సవరణ మూడో రోజు లోపలి పేజీలో, అడుగున, రెండు లైన్లుగా వచ్చింది. ఎంతమంది చూసి ఉంటారు? ఆ మాటకొస్తే, ఇవాళ్టికీ ఎవర్ని కదిపినా ‘ఉద్ధమ్‌సింగ్ చంపింది జనరల్ డయ్యర్‌నే కదా’ అనేవాళ్ళే ఎక్కువ. అందులో నా వాటా నాకుంది. ఆ ఇంటిపేరు వెంటపడి చదవడం అప్పుడు మొదలుపెట్టాను. ఇంకా పూర్తికాలేదు.

‘ఓ’ అంటే మనవడు

మనకు ఇంటిపేర్లు ఊళ్ళ నుంచి వచ్చాయి, వృత్తుల నుంచి వచ్చాయి, పెరట్లో చెట్టు నుంచీ వచ్చాయి. ఐర్లండ్ వాళ్ళకు చాలావరకు తాతల నుంచి వచ్చాయి. ‘మాక్’ అంటే కొడుకు. ‘ఓ’ అంటే మనవడు, ఇంకాస్త విశాలంగా చెప్పాలంటే వంశస్థుడు. ‘ఓ డ్వయర్’ అంటే డ్వయర్ వంశంవాడు. ఐరిష్ భాషలో ఆ పేరు స్పెల్లింగు మరోలా ఉంటుంది... డి, యు, ఐ, బి, హెచ్, ఐ, ఆర్. మధ్యలో బి, హెచ్ కలిస్తే ‘వ’కు దగ్గరగా పలుకుతుంది, కొన్నిచోట్ల దాదాపు కరిగిపోతుంది. మూలంలో ఉన్నవి రెండు రంగులట. ఒకటి నలుపు, రెండోది మట్టి రంగు. ఏనాటి తాత చామనఛాయకో పెట్టిన పేరు. మనలో ‘నల్ల’, ‘ఎర్ర’ అని మొదలయ్యే ఇంటిపేర్లున్నట్టే!

ఆ ఇంట్లో ఆడపిల్ల పుడితే ‘ఓ’ ఉండదు. ‘నీ’ అని పెడతారు. కూతురు అని అర్థం. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కోడలికైతే ‘ఈ’ అనే ఇంకో ముక్క. ఇంటిపేరు చూస్తేనే కొడుకా, కూతురా, కోడలా అన్నది తెలిసిపోతుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ తేడాలన్నీ ఎగిరిపోయి అందరికీ ఒకటే అచ్చు పడింది.

ఇంగ్లీషువాళ్ళు ఐర్లండ్‌ను పాలించడం మొదలుపెట్టాక ఇంటిపేర్లకు కష్టాలొచ్చాయి. 1465లో ఒక చట్టమే చేశారు. తమ ఏలుబడి గట్టిగా ఉన్న డబ్లిన్ చుట్టుపక్కల జిల్లాల్లోని ఐరిష్‌వాళ్ళు ఇంగ్లీషు ఇంటిపేర్లు పెట్టుకోవాలన్నారు. ఊరి పేరో, రంగు పేరో, చేతిపని పేరో, కొలువు పేరో ఏదో ఒకటి. ఆ తర్వాత రెండొందల ఏళ్ళలో భూముల కొలతలు, పన్నుల జాబితాలు, కోర్టు కాగితాలు... అన్నిచోట్లా ఇంగ్లీషు గుమాస్తాలే. ఐరిష్ రాని గుమాస్తా తన చెవికి వినపడింది రాసుకున్నాడు. ‘డ్వయర్’ అన్నాడొకడు, ‘డ్వైర్’ అన్నాడొకడు. కొందరు ‘డయ్యర్’ కూడా అయ్యారు. ముందున్న ‘ఓ’ చాలామందికి ఊడిపోయింది. గుమాస్తా కొట్టేసినవి కొన్ని, ఐరిష్‌వాళ్ళమని తెలిస్తే పని దొరకదని తామే వదిలేసుకున్నవి ఇంకొన్ని.

19వ శతాబ్దం చివర్లో సొంత భాష మీద మళ్ళీ ప్రేమ పుట్టింది. 1893లో గేలిక్ లీగ్ వచ్చింది. తాతలు పోగొట్టుకున్న ‘ఓ’ను మనవలు వెతికి తెచ్చి పేరు ముందు మళ్ళీ తగిలించుకున్నారు. ఒకే ఇంట్లో అన్న డ్వయర్‌గా, తమ్ముడు ఓ డ్వయర్‌గా ఉండటం అక్కడ వింతేమీ కాదు. ఇంగ్లీషులో ఓ పక్కన కనిపించే ఆ కొక్కెం లాంటి గుర్తుంది చూశారూ, అదీ గుమాస్తాల పుణ్యమే. ఐరిష్‌లో ఓ నెత్తిన చిన్న గీత మాత్రమే ఉంటుంది.

ఇదంతా చదువుతుంటే నాకు ఒకటే గుర్తొచ్చేది. భాష తెలియని గుమాస్తా, చేతిలో కలం, పేరు ముందు అనవసరంగా కనిపించిన ఒక ఓ... ఆ రాత్రి డెస్క్‌లో నేను చేసింది సరిగ్గా అదే.

తోటలోకి దూరిన టోటా

మా ఇంట్లో ఇంకో కథ నడిచింది. మా ఇంటిపేరు తోట. తెలుగులో రెండక్షరాలు. ఎలా రాసినా తప్పు పోవడానికి వీల్లేదు. ఇంగ్లీషులోకి వెళ్ళగానే ముగ్గురం మూడు దారులయ్యాం. నాన్న పదో తరగతి సర్టిఫికెట్ రాసిన గుమాస్తా హెచ్ పెట్టడం మర్చిపోయాడు. నాన్న సర్వీసంతా ‘టోటా’గానే సాగింది. నాకు మా టీచరు హెచ్ ఇచ్చింది. తమ్ముడి పాస్‌పోర్టులో ఒక టి ఎక్కువ పడింది. పండగలకు కలిసినప్పుడు ‘టోటా గారూ’ అని నాన్నను ఆటపట్టించేవాళ్ళం.

నాన్న పోయాక నవ్వు ఆగిపోయింది. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ రావాలి. సర్వీసు పుస్తకంలో నాన్న ఇంటిపేరు ఒక రకంగా ఉంది, అమ్మ బ్యాంకు ఖాతాలో భర్త ఇంటిపేరు ఇంకో రకంగా ఉంది. ‘ఈయన భార్య ఈవిడేనని ఏమిటి రుజువు?’ అన్నారు ఆఫీసులో. ముప్పై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషిని పట్టుకుని! ఎనిమిది నెలలు తిరిగింది అమ్మ. చివరికి వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ దగ్గర రాయించాం. ‘పై రెండు విధాలుగా రాయబడిన పేర్లు గల వ్యక్తి ఒక్కరే’ అని.

ఆ కాగితం చేతిలో పట్టుకుని మెట్లు దిగుతుంటే తణుకు మాస్టారు గుర్తొచ్చారు. ఒక్క మనిషిని ఇద్దరు చేశారని మేం తిరుగుతున్నాం. నేనేమో ఇద్దర్ని ఒక్కరిగా చేశాను. దానికి ఏ నోటరీ దగ్గరికి వెళ్ళాలి?

కోఠీలో కొలువు చేసినాయన

ఇంతకీ ఎవరు ఆ ఇద్దరు? తమాషా ఏమిటంటే ఇద్దరూ పుట్టింది 1864లోనే. ఏప్రిల్‌లో మైఖేల్ ఓ డ్వయర్ ఐర్లండ్‌లోని టిప్పరరీ జిల్లాలో పుట్టాడు. అక్టోబర్‌లో రెజినాల్డ్ డయ్యర్ మన ఉపఖండంలోనే, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ముర్రీలో పుట్టాడు. డయ్యర్‌ది ఇంగ్లీషు కుటుంబం. ఇంగ్లీషులో ఆ మాటకు రంగులద్దేవాడని అర్థం. ఓ డ్వయర్ల నల్ల రంగుకూ దీనికీ చుట్టరికం లేదు. చదువు మాత్రం కొన్నాళ్ళు ఐర్లండ్‌లోనే, టిప్పరరీ పక్కనున్న కార్క్ జిల్లాలో సాగింది. 1885లో డయ్యర్ సైన్యంలో ఆఫీసరయ్యాడు. అదే ఏడాది ఐసీఎస్ పాసైన ఓ డ్వయర్ ఓడ దిగాడు. కలిపి కుట్టడానికి చరిత్రే దారం ఎక్కించి పెట్టినట్టుంది!

హైదరాబాద్‌వాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. 1908-09లో ఓ డ్వయర్ ఇక్కడ ఆపద్ధర్మ రెసిడెంటుగా పనిచేశాడు. అంటే కోఠీలోని ఆ పెద్ద తెల్ల స్తంభాల భవనమే ఆయన కొలువు. తర్వాత అందులో మహిళా కళాశాల వచ్చింది, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. బస్సులో కోఠీ దాటుతున్నప్పుడల్లా అనుకుంటాను... దొరల మీద తిరగబడిన ఐలమ్మ పేరు ఆ గేటు మీద ఉందని తెలిస్తే ఆ దొర ఏమనుకునేవాడో!

ఆయన 1913లో పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నరయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి పంజాబ్ పల్లెల నుంచి లక్షల మంది సైన్యంలోకి వెళ్ళింది ఆయన హయాంలోనే. 1919 ఏప్రిల్ 9న గాంధీజీని పంజాబ్ పొలిమేరలోనే ఆపి వెనక్కి పంపారు. మర్నాడు అమృత్‌సర్ నాయకులు డాక్టర్ సత్యపాల్, సైఫుద్దీన్ కిచ్లూలను ఊరు దాటించారు. ఆదేశం లాహోర్‌లోని గవర్నరుది. ఊరు భగ్గుమంది. 13న, బైశాఖి నాడు, తోటలో చేరిన జనం మీద డయ్యర్ సైనికులు 1,650 తూటాలు పేల్చారు. ప్రభుత్వం లెక్కలో చనిపోయినవాళ్ళు 379 మంది. కాంగ్రెస్ విచారణలో ఆ సంఖ్య వెయ్యి దాకా వెళ్ళింది. చేసింది సరైన పనేనని లెఫ్టినెంట్ గవర్నర్ ఆమోదం డయ్యర్‌కు వెంటనే అందింది.

ఇదీ తేడా. కాల్చమన్న నోరు ఒకరిది. కాల్చింది బాగుందన్న నోరు ఇంకొకరిది. హంటర్ కమిటీ తర్వాత డయ్యర్ కొలువు పోయింది. ఓ డ్వయర్ మాత్రం ఎప్పటిలా పదవీకాలం ముగించుకుని ఇంటికెళ్ళాడు. చివరిదాకా డయ్యర్‌ను వెనకేసుకొచ్చాడు. పంజాబ్‌లో జరిగిన దానికి బాధ్యుడు ఆయనేనని సర్ శంకరన్ నాయర్ పుస్తకంలో రాస్తే, పరువు తీశారంటూ లండన్ కోర్టుకెక్కి, 1924లో 500 పౌన్ల నష్టపరిహారం గెలుచుకున్నాడు. మన భాషలో ‘పేరు’కు రెండర్థాలు కదా. ఆయన రెండింటినీ జాగ్రత్తగా కాపాడుకున్న మనిషి.

ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. 1933లో ఆయన తన వంశచరిత్ర రాసి అచ్చు వేయించాడు. టిప్పరరీలోని కిల్నమానా ప్రాంతం ఓ డ్వయర్లది. ఆ మాటకు సన్యాసుల అడవి అని అర్థం. 1650ల్లో క్రామ్‌వెల్ సైన్యాలు గెలిచాక ఆ భూములన్నీ లాగేసుకున్నారు. ఓ డ్వయర్ల దండు నాయకుడు లొంగిపోయి తనవాళ్ళతో దేశం వదిలి వెళ్ళిపోయాడు. నరికేసిన ఆ అడవుల కోసం ఏడ్చే ఐరిష్ పాటలో ఉన్నదీ ఒక ఓ డ్వయరే. పరాయి పాలకుడు ఊరి మీద పడితే ఏమవుతుందో ఈ ఇంటిపేరువాళ్ళకు తెలిసినంత బాగా ఎవరికి తెలుస్తుంది? ఆ కథంతా కూర్చుని పుస్తకంగా రాసినవాడికి అమృత్‌సర్‌లో జరిగింది తప్పని తోచలేదు. ఎందుకు తోచలేదో నేను ఎంత చదివినా నాకు అంతుపట్టలేదు.

అదే ఇంటిపేరు... వేరే మనుషులు

‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అన్నారు మనవాళ్ళు. నిజమే గానీ, ఒక్కరి కంపు మొత్తం ఇంటిపేరుకి అంటించడం కూడా అన్యాయమే. మిగతావాళ్ళనీ చూడాలిగా!

లిమరిక్ బిషప్ ఎడ్వర్డ్ ఓ డ్వయర్‌ది కూడా టిప్పరరీనే. తిరుగుబాటుదారుడేమీ కాదు. రైతుల ఉద్యమం రోజుల్లో కౌలు ఎగ్గొట్టడం తప్పని గట్టిగా చెప్పి తిట్లు తిన్నవాడు. 1916 ఈస్టర్ తిరుగుబాటు అణిచాక జనరల్ మాక్స్‌వెల్ మే నెలలో 15 మందిని కాల్పించి చంపించాడు. పైగా, ఇద్దరు ఫాదర్లను అదుపులో పెట్టమని బిషప్‌కు ఉత్తరం రాశాడు. బిషప్ ఒప్పుకోలేదు సరికదా, లొంగిపోయినవాళ్ళను చంపడం ఏం న్యాయమని నిలదీస్తూ జవాబు రాశాడు. ఆ ఉత్తరం ఐర్లండంతా చదివింది. మూడేళ్ళు తిరక్కుండానే, అదే జిల్లాలో పుట్టిన అదే ఇంటిపేరు మనిషి పంజాబ్‌లో ఇంకో జనరల్‌ను మెచ్చుకున్నాడు. ఒకే ఇంటిపేరు, ఒకే రకం పరీక్ష, రెండు జవాబులు.

ఇంకా వెనక్కి వెళ్తే విక్లో కొండల మైఖేల్ డ్వయర్. ఈయనకు ‘ఓ’ లేదు. 1798 తిరుగుబాటు ఓడిపోయాక అందరూ చెదిరిపోతే, తను కొండల్లో దాక్కుని ఐదేళ్ళు బ్రిటిష్ సైన్యానికి చుక్కలు చూపించాడు. మన్యంలో అల్లూరి సీతారామరాజు కథ విన్నవాళ్ళకు ఆయన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. 1803లో లొంగిపోయాడు. ఆస్ట్రేలియాకు పంపేశారు. ఎక్కించిన ఓడ పేరు టెలిచెర్రీ, అంటే మన కేరళలోని తలస్సేరి! 1806లో సిడ్నీ చేరిన ఆ తిరుగుబాటుదారుడు చివరికి అక్కడ పోలీసు కొలువులో చేరాడంటే నమ్ముతారా? 1898లో ఆయన అస్థికలను వేవర్లీ శ్మశానానికి మార్చి పెద్ద స్మారకం కట్టారు.

న్యూయార్క్‌లో ఒక డాక్టర్ ఓ డ్వయర్ ఉండేవాడు. పేరు జోసెఫ్. కంఠసర్పి వచ్చిన పసిపిల్లలు ఊపిరాడక చనిపోతుంటే చూడలేక, గొంతులోకి సన్నని గొట్టం దింపి శ్వాస ఆడించే పద్ధతిని 1880ల్లో సాధించాడు. ఇవాళ ఐసీయూలో గొంతులో గొట్టం వేసే ప్రతిచోటా ఆయన చలవ కాస్త ఉంది. అదే ఊరికి 1946లో మేయరయ్యాడు విలియం ఓ డ్వయర్. మేయో జిల్లా నుంచి కూలిపని కోసం వచ్చి, పోలీసై, లాయరై ఎదిగినవాడు. పోలీసు లంచాల గొడవలో 1950లో పదవి వదిలేశాడు. మనుషులన్నాక అన్ని రకాలూ ఉంటారు. ఇంటిపేరు ఎవరికీ గ్యారంటీ ఇవ్వదు, ఎవరినీ దోషిగానూ నిలబెట్టదు.

కాక్స్‌టన్ హాల్‌లో ఆ సాయంత్రం

మళ్ళీ 1940 మార్చి 13కి వద్దాం. అఫ్గానిస్తాన్ మీద సభ. 75 ఏళ్ళ ఓ డ్వయర్ కూడా వచ్చాడు. సభ ముగుస్తుండగా ఉద్ధమ్‌సింగ్ లేచి కాల్చాడు. ఓ డ్వయర్ అక్కడే ప్రాణం వదిలాడు. ఇరవై ఒక్క ఏళ్ళ నాటి కాల్పులకు బదులు అది.

ఆ ఉద్ధమ్‌సింగ్ పేరు కథ ఇంకా పెద్దది. తల్లిదండ్రులు పెట్టిన పేరు షేర్‌సింగ్. అమృత్‌సర్ అనాథాశ్రమంలో ఉద్ధమ్‌సింగ్ అయ్యాడు. దేశాలు తిరిగేటప్పుడు ఫ్రాంక్ బ్రెజిల్ అన్న పేరూ వాడాడు. పట్టుకున్నాక పేరడిగితే మహమ్మద్‌సింగ్ ఆజాద్ అన్నాడు. ఏ ఒక్క మతానికీ చెందని పేరు, చివర స్వేచ్ఛ అని అర్థం. 1940 జులై 31న పెంటన్‌విల్ జైల్లో ఉరి తీశారు. 1974లో ఆయన అస్థికలు స్వదేశం చేరాయి.

‘జనరల్ డయ్యర్ అనుకుని పొరపాటున ఓ డ్వయర్‌ను చంపాడు పాపం’ అని జాలిపడేవాళ్ళను చూశాను. పేర్లు కలగాపులగమైంది చదివే మనకు. 1940 నాటికి డయ్యర్ పోయి పన్నెండేళ్ళు దాటింది. సభలో కూర్చున్నది పంజాబ్ మాజీ లెఫ్టినెంట్ గవర్నరు. ఆ చావును సమర్థిస్తారా లేదా అన్నది వేరే చర్చ. గాంధీజీ, నెహ్రూ కూడా దాన్ని ఖండించారు. కానీ ఓ తీసేసి ఇద్దర్నీ ఒక్కర్ని చేసేశామంటే, ఆ హాల్‌లో పడిపోయినవాడు ఎవరో, ఎందుకు పడిపోయాడో తెలియకుండా పోతుంది. పైనుంచి ఆమోదించినవాడు కిందనున్న కాల్చినవాడి పేరు చాటున తప్పించుకుంటాడు. మాస్టారు ఆనాడు ఫోనులో చెప్పింది ఇదే. నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మాస్టారు ఇప్పుడు లేరు. అప్పుడప్పుడూ కార్డు రాసేవారు. ఇంకేదైనా తప్పు దొరికితే రెండు కార్డులు! ప్రతి మార్చిలో ఆ నాలుగు లైన్ల కాపీ వస్తే, నా పేజీ కాకపోయినా ఒకసారి తెప్పించుకుని చూస్తాను.

ఈసారి కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడు ప్రింటు పట్టుకుని వచ్చాడు.

‘‘మేడమ్, ఇక్కడ ‘ఓ’ ఒకటి ఎక్స్‌ట్రా ఉంది. తీసేయనా?’’

కుర్చీ చూపించాను.

‘‘వద్దు నాన్నా. ముందు కూర్చో, చెప్తాను.’’